గడప దాటని సెలవు

ఖైరున్నీసాకు నిఖా అయిందని మదనపల్లె కాలేజీలో ఎవరికీ తెలియదు. ఆమె దాచలేదు. ఎవరూ అడగలేదు. రిజిస్టరులో కుమారి అని ఉంది. మెడ చూసి పోల్చుకుందామన్నా నల్లపూసలు లేవు. అవి అత్తవారింటికి పంపేనాడు కడతామని పెద్దలు ఆపారు.

ఆమె తండ్రి మస్తాన్ సాహెబుది పుంగనూరు. బజారు వీధిలో దర్జీ. కూతురు బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఉండగా కుప్పం నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు అమానుల్లా, క్వారీలనుంచి గ్రానైటు రాళ్లు తోలే లారీకి డ్రైవరు. బీడీ కూడా తాగడన్నారు. మస్తాన్ సాహెబు ఒక్క షరతు పెట్టాడు. నిఖా ఇప్పుడే. పిల్లను పంపేది మాత్రం చదువు అయినాక. అవతలి వాళ్లు సరేనన్నారు.

అది 1980 ఎండాకాలం. నిఖా నాడు అతని ముఖం మీద పూల సెహ్రా వేలాడుతోంది. ఆమె తల మీద ముసుగు. అద్దంలో ఒకరికొకరిని చూపించే వేడుక కూడా పంపే రోజుకే వాయిదా పడింది. ఆమె చూసింది అతని చేతులు మాత్రమే. గోరింటాకు కింద, వేళ్ల సందుల్లో, గ్రీజు మరకలు కడిగినా పోలేదు.

ఆ తర్వాత అతన్ని ఒకే ఒకసారి చూసింది. మదనపల్లె బస్టాండులో ఒక మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో జామకాయల పొట్లం.

"నువ్వు మస్తాన్ సాహెబు కూతురే గదా?"

"మీరెవరు?" అంది ఖైరున్నీసా, రెండడుగులు వెనక్కి వేసి.

అతను గట్టిగా నవ్వాడు. పొట్లం సిమెంటు బల్ల మీద పెట్టి, "ఎవరో కుప్పమాయన ఇచ్చినాడని మీ అబ్బాకు చెప్పు" అని వెళ్లిపోయాడు. అతనెక్కిన లారీ కదిలి పోయేదాకా అతనెవరో ఆమెకు తట్టలేదు.

మరుసటి ఏడాది నవంబరులో వాణియంబాడి దగ్గర ఆ లారీ బోల్తా పడింది.

మస్తాన్ సాహెబు హాస్టలుకు వచ్చి చెప్పాడు. ఖైరున్నీసా ఏడవలేదు. ఏడ్వాలా వద్దా అన్నది కూడా తెలియలేదు. తండ్రి అన్న మాట ఒక్కటే చెవిన పడింది: ఇద్దత్ కూర్చోవాల. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. కొత్త బట్ట, గాజులు, సుర్మా, అత్తరు ఏవీ కూడవు. పరాయి మగవాళ్ల కంట పడకూడదు. కాపురం చేసినా చేయకపోయినా నిఖా నిఖాయే.

సెలవు కోసం ఆమె ప్రిన్సిపాలు ముందు నిలబడింది. పక్కన వృక్షశాస్త్రం లెక్చరరు కమలాక్షి.

"కుమారి అని ఉండాదే?" అన్నాడు ప్రిన్సిపాలు.

"చేరినప్పుడు కుమారినే సార్."

"ఆయనతో కాపురం చేసినావా?"

"లేదు సార్."

"అట్లయితే నీకెందుకమ్మా ఇదంతా?"

"నిఖా అయింది సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మార్చి నడిమిదాకా సెలవు ఇచ్చాడు. అంతవరకూ హాజరు సంగతి తాను యూనివర్సిటీకి రాస్తానన్నాడు. ఆ తేదీ దాటితే ఆ ఏడు పోయినట్టే.

బయటికి వచ్చాక కమలాక్షి వరండాలో ఆగింది.

"ప్రాక్టికల్స్‌కి హెర్బేరియం కావాల, గుర్తుండాదా? మొక్కలు వేర్లతో, పూలతో ఎండబెట్టి అట్టలకు కుట్టాల."

"గడప దాటకూడదు మేడం."

"ఎట్లో ఒకట్లా చెయ్యి. ఇంకో మాట ఇను. లీవని చెప్పి ఊరికి పోయిన ఆడపిల్లల్ని నేను చానామందిని సూసినా. పోయిన పాపే గాని వచ్చిన పాప లేదు. నీది లీవుగానే ఉండనీ."

ఖైరున్నీసా తల ఊపింది. అప్పుడు అది పెద్ద కష్టమనిపించలేదు.

పుంగనూరులో ఆమె వెనక గదిలో కూర్చున్న మూడో నాడే కుప్పం నుంచి ఖాతూన్‌బీ వచ్చింది. అమానుల్లా తల్లి. భర్త పోయి చాలా ఏళ్లయింది. బొరుగులు వేయించే బట్టీ మీద ఇద్దరు కొడుకులను పెంచిన మనిషి. కాళ్లు కూడా కడుక్కోకుండా వియ్యంకుడి ముందు నిలబడింది.

"నా కొడుకు పెండ్లాము నా ఇంట్లో ఒక్క పూట గూడా ఉండలా. వానికోసం కూర్చునేది మా ఇంట్లో కూర్చోనీ, మస్తాన్ భాయ్. తరవాత నీ బిడ్డ నీ బిడ్డే."

దుఃఖంలో ఉన్న తల్లి అడిగితే కాదనడం ఎవరి తరం? ముసుగు కప్పి ఖైరున్నీసాను బస్సెక్కించారు. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి పొద్దు వాలింది. అత్తవారింటికి అలా పోయింది.

ఆ ఇల్లు బట్టీ వెనకే ఉంది. ముందు రేకుల కొట్టం, అందులో పొయ్యి, ఇసుక మూకుడు, బస్తాలు. దాని వెనక ఒక గది, గదికి అవతల పెరడు. అమానుల్లా తమ్ముడు షంషుద్దీన్ కొట్టంలోనే పడుకునేవాడు, అక్కడే తినేవాడు. గదికీ కొట్టానికీ మధ్య తెర. అతనికి ఏదైనా చెప్పాల్సి వస్తే తెర అవతల గొంతు సవరించుకునేవాడు. అది ఖాతూన్‌బీకి పిలుపు.

మొదటి రోజుల్లో వీధి ఆడవాళ్లు పలకరింపుకు వచ్చేవారు. ఖైరున్నీసా తల వంచుకుని గోడకు ఆనుకొని కూర్చునేది. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఊరికే ఉండలేక లోపల్లోపల మొక్కల శాస్త్రీయ నామాలు వల్లె వేసుకునేది. కుటుంబం పేరు, జాతి పేరు, మళ్లీ కుటుంబం పేరు. పెదవులు కదిలేవి. శబ్దం ఉండేది కాదు.

"సూడండే, మొగుని కోసం చదవతానే ఉండాది. తస్బీ పూసలు లేకుండానే వేళ్ల మీద లెక్క పెడతాండాది" అంది ఒకామె.

"మా ఇంటి కోడలూ ఉండాది, ఇంట్లో సావు జరిగి వారం తిరక్కముందే రేడియో పెట్టమనింది" అంది ఇంకొకామె.

వీధంతా ఆ మాట పాకింది. కుప్పంలో అంత భక్తి గల పిల్ల లేదన్నారు. ఖైరున్నీసాకు దిద్దే ధైర్యం లేకపోయింది. రోజులు గడిచాక ఒక సాయంత్రం ఖాతూన్‌బీ బియ్యం చెరుగుతూ అడిగింది.

"ఏ దువా బేటీ అది? నేనెప్పుడూ ఇనలా."

ఖైరున్నీసా లెక్కపెట్టే వేళ్లు ముడుచుకుంది. "దువా కాదు అమ్మీ. మొక్కల పేర్లు. పరీక్షకు."

ఖాతూన్‌బీ చేట ఆపింది. కాసేపు కోడలి ముఖం చూసింది. చేట మళ్లీ కదిలింది.

"మొక్కలైనా అల్లా పెట్టిన పేర్లే గదా" అంది.

"అల్లా కాదు అమ్మీ, ఎవరో తెల్లదొరలు పెట్టినారు."

"ఆ సంగతి వీధిలో చెప్పబాక."

ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. ఖాతూన్‌బీ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

హెర్బేరియం సంగతి అప్పుడే చెప్పింది. ఖాతూన్‌బీ మరునాడు ఆకుకూరలమ్మే గంగులమ్మను పెరటి దోవన పిలిపించింది. గంగులమ్మది గుడుపల్లె దారిలో పల్లె. గంప నెత్తిన పెట్టుకుని తెల్లవారే కుప్పం వచ్చేది.

"చేన్లలో మొలిచే మొక్కలు, ఒక్కో రకం రెండు రెండు కావాల" అని చెప్పింది ఖైరున్నీసా. "ఉత్తరేణి, తుమ్మి, పల్లేరు, ఏదైనా సరే."

"కలుపా?" అంది గంగులమ్మ.

"కలుపే."

"ఓయమ్మ! మేము జీవితమంతా పీకి పారేసేది మీరు చదివేదానికా? మాకు ముందే చెప్పింటే పట్నాలన్నిటికీ పంపిచ్చింటాము గదా."

రెండు రోజులకు తెచ్చింది. అరటాకులో చుట్టి, నీళ్లు చల్లి, ముచ్చటగా కట్టింది. ఖైరున్నీసా విప్పి చూసి నిట్టూర్చింది. ఒక్కదానికీ వేరు లేదు. ముదురు ఆకులు, పూలు, గింజలు గిల్లేసి, లేత కొనలు మాత్రం కడిగి ఉన్నాయి.

"వేర్లు యాడ గంగులమ్మా?"

"వేర్లతో ఎవరన్నా ఇస్తారా ఇంటికి? మన్ను గదమ్మా. శుభ్రంగా కోసి తెచ్చినా. పూలు ఏరేదానికే పొద్దుపోయింది."

"పూలే కావాల! వేర్లే కావాల!"

గంగులమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "వేరు తింటారా మీ కాలేజీలో?"

ఆ కట్ట వృథా పోలేదు. ఖాతూన్‌బీ తుమ్మికూర పప్పు చేసింది. ఆ తర్వాత నుంచి గంగులమ్మ మొక్కలను మట్టిగడ్డతో సహా పెళ్లగించి, గంపలో కూరల కింద పెట్టి తెచ్చేది. కూరల బేరం చేసేవాళ్లు అడిగితే, "సాయిబుల ఇంట్లో కలుపు చదువు జరగతాండాది" అనేది.

ఎండబెట్టి అదిమేందుకు బరువు కావలసి వచ్చింది. ఖైరున్నీసా పాత కాగితాల మధ్య మొక్కలు పరిచి బొరుగుల బస్తా ఎత్తి పెట్టింది. బొరుగులకు బరువేముంది? మొక్కలు ముడుచుకుపోయాయి. ఖాతూన్‌బీ పెరట్లోకి పోయి, గోడకు ఆనించి ఉన్న నల్లరాతి పలకలను ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చింది. అమానుల్లా క్వారీనుంచి విరిగిన ముక్కలు తెచ్చి పెట్టేవాడట, పెళ్లాం వచ్చేలోగా స్నానాల గది కట్టిస్తానని. ఒక పక్క నునుపు, ఒక పక్క గరుకు. ఆ పలకల కింద ఉత్తరేణి, తుమ్మి, తంగేడు, గడ్డిచామంతి ఆకు మడత పడకుండా ఎండాయి.

ఆ రాళ్లు ఎత్తీ దించీ ఆమెకు అతను కొంత తెలిసినట్టయింది. ఖాతూన్‌బీ చెప్పే మాటల వల్ల మరికొంత. వానకు భయపడేవాడు. బెల్లం దొంగిలించేవాడు. తమ్ముడికి ఈత నేర్పబోయి తాను మునిగాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆ మాటలు వింటూ ఉన్నట్టుండి ఖైరున్నీసా ఏడ్చింది. ఖాతూన్‌బీ ఆపలేదు. ఏడుపు అయ్యాక నీళ్లు ఇచ్చింది.

సంక్రాంతి వెళ్లింది. చలి తగ్గింది. ఒకరోజు గంగులమ్మ మొక్కలు దించి, ఆకు వక్క నములుతూ పెరటి గడప మీద కూర్చుని, మామూలుగా అంది.

"అయితే మీ చిన్న కొడుకుకు చేస్తారంట గదమ్మా ఈ పాపను. మంచి పని. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటాది."

ఖాతూన్‌బీ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "నోరు ముయ్యి గంగులమ్మా! ఇద్దత్‌లో ఉండే ఆడదాని ముందర పెండ్లి మాట ఎత్తకూడదు. పాపం."

"నాకేం తెలుసు తల్లీ? బజారులో అందరూ అనుకుంటాండారు. మీ పుంగనూరు వియ్యంకుడు గూడా సరే అన్నాడంట. అనుకోవచ్చు గాని చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"అట్లయితే నేను చెప్పలా" అని గంగులమ్మ లేచి గంప ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నమంతా ఖైరున్నీసా ఉత్తరేణి కంకిని అట్టకు కుడుతూ కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ గడపే తనను చదువుకు దూరంగా కట్టేసిందనుకుంది. ఇప్పుడు చూస్తే అదే కాపలా కాస్తోంది. ఇద్దత్ ఉన్నంతకాలం ఎవరూ అడగలేరు. తీరిన గడియలోనే అడుగుతారు. కాలేజీ పిలిచేదీ ఆ గడియలోనే.

షంషుద్దీన్ చెడ్డవాడు కాదు. తెర అవతలి గొంతుగా తప్ప ఆమె అతన్ని ఎరగదు. ఆ గొంతులో తొందర ఉండేది కాదు.

ఫిబ్రవరి చివరలో ఒకనాడు తెర కింద, గడప మీద, ఒక కొమ్మ కనిపించింది. మోదుగ. ఆకు లేదు, కొమ్మ పొడుగునా నిప్పు లాంటి పూలు. రామకుప్పం అడవి అంచున తప్ప దగ్గర్లో దొరకదు. సైకిలు మీద పోయి తెచ్చి ఉంటాడు. ఆమె అట్టల్లో ఆ కుటుంబానికి చెందిన చెట్టు ఒక్కటీ లేదు. గంగులమ్మను రెండుసార్లు అడిగింది, ఆమె చెట్టెక్కనంది. ఆ మాట కొట్టంలోకి వినిపించి ఉండాలి.

ఖైరున్నీసా దాన్ని ముట్టలేదు. అలాగని తీసెయ్యమనీ అనలేదు. కొమ్మ అక్కడే పడి ఉంది. ఖాతూన్‌బీ నమాజు ముగించి వచ్చి చూసింది. వంగి తీసుకుంది. పూలు ఒకటి రెండు రాలాయి.

"చదువుకే గదా?" అంది.

ఆ ప్రశ్నలో రెండో ప్రశ్న కూడా ఉందని ఇద్దరికీ తెలుసు. అది అడగడానికి మాత్రం ఇంకా గడువు ఉంది.

"చదువుకే అమ్మీ."

ఖాతూన్‌బీ కొమ్మ ఆమె చేతికిచ్చి బట్టీ వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత తెర కింద ఏమీ కనిపించలేదు.

ఇద్దత్ తీరిన ఉదయం మస్తాన్ సాహెబు వచ్చాడు. లేత ఆకుపచ్చ చీర, తాను కుట్టిన రవికె తెచ్చాడు. ఆ రోజు పుట్టింటి బట్ట కట్టుకుని, బయటికి వేసే మొదటి అడుగు ఎవరైనా దగ్గరివాళ్ల ఇంటికి వేయాలి. ఆమె తలకు పోసుకుని గదిలో చీర కట్టుకుంటుంటే, కొట్టంలో తండ్రి మాట వినబడింది.

"ఇంక మాట్లాడచ్చు గదా ఖాతూన్ ఆపా. బిడ్డను మళ్లీ తోలుకొనిపోయి, ఈ వయసులో మొగుడు పోయిన బేవా అనిపించుకుంటా ఇంట్లో కూర్చోబెట్టేది నా చేత కాదు. ఈడనే ఉండనీ. షంషు మంచోడు."

"మంచోడే. నేను కన్నోడే గదా" అంది ఖాతూన్‌బీ. "అడిగే హక్కు ఇప్పుడు వచ్చింది. నిన్ను గాదు, ఆమెను అడుగుతా."

తెర ఎత్తి లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్లు సర్ది, కూర్చుంది.

"నిన్నటిదాకా అడగకూడదు బేటీ. ఇప్పుడు అడుగుతాండా. నాకు నువ్వు కావాల. షంషుకు గూడా. నీకు మేము కావాలనా?"

ఆ ఇల్లు చెడ్డదైతే జవాబు సులువుగా వచ్చేది.

"కావాల అమ్మీ" అంది ఖైరున్నీసా. "లీవు ఎల్లుండితో అయిపోతాది."

తెర అవతల మస్తాన్ సాహెబు తేలికపడ్డట్టు ఊపిరి వదిలాడు. "అంతేనా? దానికేముండాది? ముందర అనుకున్న మాదిరే చేద్దాం. నిఖా ఈ వారంలో. పంపేది చదువు అయినాక. పోయి పరీక్షలు రాసుకోనీ."

అందరికీ సబబుగానే వినిపించింది. ఖాతూన్‌బీ ముఖంలో కూడా ఆశ కదిలింది.

"వద్దబ్బా" అంది ఖైరున్నీసా. గొంతు పెంచలేదు. "ఒకసారి అట్లనే చేస్తిమి. ఆయన ఎవరో తెలీకుండా పెండ్లామైనా. ఆయన పోయినాక తెలుసుకున్నా. చదువు సగం, కాపురం సగం నాకొద్దు. ఇప్పుడు చదువుకుంటా. కాపురమప్పుడు కాపురం చేస్తా. అప్పటికి ఈయన ఉంటే ఉంటాడు, లేకుంటే లేదు. ఆయన్ని కట్టేసి పోను. నన్ను కట్టబాకండి."

మస్తాన్ సాహెబు "ఎవరు నేర్పినారు నీకు ఈ మాటలు" అని గొణిగాడు గాని, ఎవరినీ ఉద్దేశించి కాదు. అప్పుడు తెర అవతల గొంతు సవరించుకున్న చప్పుడు అయింది.

"తొమ్మిదిన్నర బస్సుకు పోతేనే పలమనేరులో మదనపల్లె బస్సు దొరికేది" అన్నాడు షంషుద్దీన్. "సామాను నేను ముందర తీసకపోతా."

ఖాతూన్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "నడువు. మొదటి అడుగు ఎవరింటికో వెయ్యాల్సింది బస్టాండుకి వేస్తాండావు. వీధిలో ఏమనుకుంటారో పో."

"నా భక్తి తగ్గిందనుకుంటారు."

"పోవే" అంది ఖాతూన్‌బీ. పట్టుకోవడానికి చెయ్యి ఇచ్చింది.

షంషుద్దీన్ ఆమె కోసం ఆగలేదు. మరుసటి ఏడాది వి.కోట పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్లికి ఖైరున్నీసా వెళ్లింది, బొరుగుల ఉండలు పంచింది. లోపల ఎక్కడో కలుక్కుమంది. అది కూడా తన లెక్కలోదే అనుకుంది. 1986లో గుడుపల్లె హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరినప్పుడు కుప్పంలో ఖాతూన్‌బీ ఇంటి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుంది. ఆమె నీకేమవుతుందని ఎవరైనా అడిగితే ఖాతూన్‌బీ ఒక్కోసారి కోడలనేది, ఒక్కోసారి కూతురనేది.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ రోజు వీధిలోకి రాగానే ఆమెకు వెలుతురు కళ్లలో గుచ్చింది. నాలుగు అడుగులకే పిక్కలు లాగాయి. పలమనేరులో బస్సు మారారు. తండ్రి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు.

పుంగనూరు వచ్చింది. మస్తాన్ సాహెబు లేచి సంచి భుజాన వేసుకున్నాడు. కండక్టరు ఊరి పేరు అరిచాడు. ఖైరున్నీసా లేవలేదు.

"ఇంటికి రావా?" అన్నాడు తండ్రి. "అన్నం తిని రేపు పోదువు గాని."

"పరీక్షలయినాక వస్తానబ్బా."

ఆయన ఇంకేదో అనబోయాడు. వెనక జనం తోస్తున్నారు. దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, ఆమె రవికె చేతి దగ్గర ఊడిన దారం కనిపిస్తే లోపలికి చెయ్యి పెట్టి తుంచాడు.

"ఆడ మంచి దర్జీ ఎవరూ లేరు" అన్నాడు. "సెలవుల్లో తీసుకొని రా, సరిచేస్తా."

బస్సు మదనపల్లె వైపు కదిలింది.